రెండు మెట్లకు ర్యాంపు

అన్న స్వామిదాసుకు, కామారెడ్డి నుంచి చెల్లెలు ఎస్తేర్ వందనాలు. ఫోన్లో నా గొంతు వింటే ఉద్యోగం మానేయమంటావని కార్డు రాస్తున్నాను.

ఇన్నాళ్లూ ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆటో ఆయన నన్ను ఎత్తి దించేవాడు. ఇప్పుడు అద్దింటి రెండు మెట్లకు ర్యాంపు కట్టించాను. మేస్త్రీ మజహర్ భాయ్ మొదట నిటారుగా పోశాడు. ఎక్కబోతే చక్రాల కుర్చీ వెనక్కి జారింది. ఆయన తానే అందులో కూర్చుని ప్రయత్నించి, ఎక్కలేక దిగాడు.

"తప్పు నాదేనమ్మా. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు ఉండాలె. ఇరగ్గొట్టి మల్ల పోస్త" అన్నాడు. గోడ వెంట పొడుగ్గా పోశాడు.

ఆదివారం మొదటిసారి ఎవరూ ఎత్తకుండా వీధిలోకి దిగాను. దిగాక ఎవరింటికి వెళ్లాలో తోచలేదు. వచ్చి మూడు నెలలైనా ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కాసేపు ఎండలో కూర్చుని మళ్లీ లోపలికి వచ్చేశాను.

ఎల్లారెడ్డిలో మన గడప ఎత్తెంతో కొలిచి రాయి. నేను వచ్చేలోపు అక్కడా కట్టించు. బర్రె ఈనిందా? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదినకు వందనాలు, పిల్లలకు దీవెనలు. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి.

వీలున్న ఆదివారం ఒకసారి రా అన్నా. వీధి చివరిదాకా నా పక్కన నడుద్దువుగాని.

ఎస్తేర్