కోవెంట్రీకి పంపడమంటే

అత్తయ్యగారికి,

ఎమ్రిస్‌ను కోవెంట్రీకి పంపేశారని ఎవరో చెబితే, అక్కడ కొత్త ఉద్యోగమనుకుని మీరు సంబరపడి చిరునామా అడిగారు. ఆయన ఏ ఊరూ వెళ్లలేదు అత్తయ్యా. ఈ ఇంగ్లీషువాళ్లు ఒక మనిషిని వెలివేసి, అతనితో మాట్లాడడం మానేస్తే ‘కోవెంట్రీకి పంపాం’ అంటారు. పూర్వం ఆ ఊళ్లో సిపాయిలతో ఎవరూ మాట్లాడేవారు కాదని, అందుకే ఆ మాట పుట్టిందని అంటారు. నిజమేమిటో ఎవరికీ తెలియదు.

సమ్మెలో అందరూ పని మానేస్తే, పాపకు జబ్బుగా ఉందని, మందులకు డబ్బు లేక ఈయన ఒక్కరే ఇనుము పోతపోసే కార్ఖానాకు వెళ్లారు. పాప దక్కలేదు. సమ్మె ముగిశాక ఆయన ఎవరిని పలకరించినా, తోటి పనివాడు జేబెజ్ పక్కవాళ్లతో, "ఎక్కడో కుక్క మొరుగుతున్నట్టుంది కదరా!" అనేవాడు. అందరూ నవ్వేవారు. మా పెళ్లిలో ఆయన పక్కన తోడుగా నిలబడింది ఈ జేబెజే. ఇంటికొచ్చి నాతో కూడా ఆయన నోరు విప్పడం తగ్గించేశారు.

మంగళవారం ఇనుప దిమ్మెను పైకెత్తే గొలుసు తెగింది. ఆయన అటు తిరిగి పని చేసుకుంటున్నారు. అందరూ చూశారట. ఒక్కరూ "తప్పుకో" అని అరవలేదు. మీ అబ్బాయి ఇక లేరు అత్తయ్యా.

నిన్న సాయంత్రం వాళ్లంతా ఇంటికొచ్చారు. జేబెజ్ టోపీ తీసి, శవపేటిక మీద చెయ్యి వేసి, "ఎమ్రిస్, నీలాంటి పనివాడు లేడురా!" అని ఏడ్చాడు. శనివారం పేటికను తామే మోస్తామన్నారు. నేను కాదనలేకపోయాను. ఈ ఊళ్లో మనకు ఇంకెవరున్నారు?

వీలైతే ఆలోపే రండి.

మీ కోడలు