వినబడలేదు, మళ్ళీ చెప్పు

అత్తయ్యా,

వదిన కాలి కట్టు ఈపాటికి విప్పేసి ఉంటారనుకుంటున్నాను. మీరు ఆవిడ దగ్గరికి బయల్దేరిన మర్నాడే మా ఆసుపత్రి లాండ్రీలో విచారణ జరిగింది. ఫోన్‌లో "బాగానే జరిగింది" అని పొడిగా చెప్పి పెట్టేశాను. అసలు సంగతి చెప్పాలంటే ముందు మీ దగ్గర దాచిందొకటి ఒప్పుకోవాలి. అది నోటితో చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మడతలక్క సంగతి మీకు తెలుసు. దుప్పటి ఆవిడ చేతిలో పడితే కళ్ళు మూసి తెరిచేలోగా నాలుగు మడతలు పడేది, అందుకే ఆ పేరు. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ మిషన్‌లో ఆవిడ చెయ్యి పడినప్పుడు పక్క మిషన్ దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే. ఆవిడ రెండో చేత్తో ఆపే కడ్డీని నొక్కింది. ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కింది. మిషన్ ఆగలేదు. నేను పరుగెత్తి గోడ మీది స్విచ్ తీసేసరికి రెండు వేళ్ళు పోయాయి. మేనేజర్ మాత్రం ఆవిడ కబుర్లాడుతూ చెయ్యి పెట్టిందని, కడ్డీ నొక్కనే లేదని రాసి పంపాడు. అది నిలబడితే ఆవిడ ఉద్యోగం ఊడినట్టే.

మొదటి విచారణ వాయిదా పడిందని మీకు చెప్పాను కదా. అది అబద్ధం, అత్తయ్యా. విచారణ జరిగింది. నన్ను పిలిచారు. లేచి నిలబడ్డాను. హాల్లో అరవై మంది, ఎదురుగా బల్ల వెనక ముగ్గురు అధికారులు. ఇంటికి నలుగురు చుట్టాలొస్తేనే వంటింట్లోకి జారుకునేదాన్ని, మీకు తెలియంది కాదు. "మీరేం చూశారు?" అని అడిగారు. ఎంత తొందరగా కూర్చుందామా అన్నదొక్కటే నా ధ్యాస. "నాకేం తెలీదు సార్, నేను చూళ్ళేదు" అనేసి కూర్చున్నాను. మడతలక్క నా వైపు చూసిందో లేదో కూడా తెలియదు, నేను తల ఎత్తలేదు. ఇంకెవరైనా చెప్పేదుందేమో అని ఇంకో విచారణకు మూడు వారాల గడువిచ్చారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మీతో "వాయిదా పడింది" అన్నాను.

"అయితే మంచిదే, ఈలోగా నాకు చెప్పు. అక్కడేం చెప్పాలో అదే చెప్పు" అన్నారు మీరు, బీన్స్ తరుగుతూ. చెప్పాను. "వినబడలేదు, మళ్ళీ చెప్పు" అన్నారు. మీకు చెవి సరిగ్గా వినబడదు కదా అని మళ్ళీ చెప్పాను. "గోడతో చెప్తున్నావా, నాతోనా? ఇటు చూసి చెప్పు." ఇరవై రోజులు అదే తంతు. ఏ చెయ్యి లోపలుంది, ఏ చేత్తో నొక్కింది, నువ్వెక్కడున్నావు, అక్కడి నుంచి నీకెలా కనబడింది? ఏ ప్లీడరూ అన్ని ప్రశ్నలు వెయ్యడు. ఒకరోజు నేను "నొక్కింది! మూడుసార్లు నొక్కింది!" అని అరిచేసరికి మీ అబ్బాయి గెడ్డం సగం గీసుకుని, నురగతోనే పరుగెత్తుకొచ్చారు. "ఏంటమ్మా, మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారా?" అంటే మీరు, "నీ పని నువ్వు చూసుకోరా, అత్తాకోడళ్ళం సవాలక్ష మాట్లాడుకుంటాం" అని తరిమేశారు.

మొన్న మళ్ళీ పిలిచారు. భయం వెయ్యలేదంటే అదింకో అబద్ధం అవుతుంది. రాసుకెళ్ళిన కాగితం చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. దాన్ని మడిచి పక్కన పెట్టి, బల్ల మధ్యలో కూర్చున్న కళ్ళద్దాల పెద్దాయన్ని చూస్తూ, మీకు చెప్పినట్టే మొదలుపెట్టాను. నెమ్మదిగా, గట్టిగా. కడ్డీ దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"కిందటిసారి ఏమీ చూళ్ళేదన్నారుగా? ఇప్పుడెలా కనబడింది?"

అత్తయ్యా, మీరడిగిన వంద ప్రశ్నల్లో ఇది లేదు. ఎలా ఉంటుంది, మీకు నేను చెప్పనే లేదు కదా! వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కూర్చుందామనిపించింది. కానీ ఎందుకో నోరు నాకంటే ముందే తెరుచుకుంది.

"అప్పుడూ చూశాను సార్. ఇంతమందిలో మాట్లాడ్డానికి భయమేసి అబద్ధం చెప్పాను. ఆ మిషన్ ఆగలేదన్నది నిజం. నేను పిరికిదాన్నన్నదీ నిజం. రెండూ రాసుకోండి."

అప్పుడు వెనక వరసలోంచి మా మెకానిక్ లేచాడు. "కడ్డీ పని చెయ్యట్లేదని నేను రెండుసార్లు కాగితం పెట్టాను సార్. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నాడు. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు లేచారు. నిన్న ఆర్డరొచ్చింది. తప్పు మడతలక్కది కాదు. ఉద్యోగం ఉంటుంది, ఇకనుంచి బట్టలు లెక్క చూసే గదిలో పని. ఆ మిషన్‌కి తాళం వేశారు.

విచారణ రోజు హాల్లోంచి బయటికొస్తుంటే మడతలక్క ఎదురొచ్చింది. బాగున్న చేత్తో నా తల నిమిరి వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

నాకు మాట్లాడ్డం నేర్పింది మీరు. ఆ మీకే అబద్ధం చెప్పాను. కోపం ఉంటే తిట్టండి, కానీ నా నమస్కారం మాత్రం కాదనకండి.

మీ కోడలు

*

అమ్మాయికి,

మీ వదిన కట్టు ఇంకా విప్పలేదు. విప్పేదాకా నన్ను కదలనివ్వదట. మంచం మీద కూర్చుని కాలితో తప్ప అన్నిటితోనూ నన్ను పరుగులు పెట్టిస్తోంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పెద్దాయనకు నువ్విచ్చిన జవాబు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది.

కోపం దేనికే పిచ్చిదానా? నాకు మొదటిరోజే తెలుసు. ఆ సాయంత్రం నువ్వొచ్చి, నాతో ఇంకా ఏమీ చెప్పకుండానే స్నానానికి వెళ్ళావు చూడు, అప్పుడు తలుపు తట్టింది మడతలక్క. చేతికి ఇంత లావు కట్టు. నిన్ను నిలదియ్యడానికొచ్చిందేమో అనుకున్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "దాన్నేమీ అనకండి పెద్దమ్మా. పిల్ల అక్కడ బిక్కచచ్చిపోయింది. కావాలని చెప్పింది కాదు, మాట రాక చెప్పింది. ఇంట్లోనైనా కాస్త మాట్లాడించండి, లేకపోతే ఆ మాట లోపలే ఉండి దాన్ని తినేస్తుంది" అంది. తన ఉద్యోగం గురించి ఒక్క ముక్క అనలేదు. నేనొచ్చానని చెప్పొద్దు, సిగ్గుపడుతుందని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ మాట దాచాను. నువ్వు దాచింది ఒకటైతే నేను దాచింది రెండు. రెండోది కూడా విను. నాకు పోయింది ఎడమ చెవి. కుడిది గుండుసూది పడ్డా వింటుంది. నువ్వు రోజూ కూర్చున్నది నా కుడిపక్కనే.

ఆ పెద్దాయన ప్రశ్న నేనూ ఊహించాను. అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే ఆవిడకిచ్చిన మాట తప్పినట్టవుతుందని ఊరుకున్నాను. అదే మంచిదైంది. నేను నేర్పి ఉంటే అంత బాగా చెప్పేదానివి కాదు.

కాబట్టి నీ నమస్కారంలో నా వాటా ఉంచుకుని మిగతాది తిప్పి పంపుతున్నాను. అది ఎవరిదో నీకిప్పుడు తెలుసు. రేపు పనిలోకి వెళ్ళగానే ఆ లెక్కల గదికి వెళ్ళు. ఏం చెప్పాలో నన్నడక్కు. మాట రాకపోతే కంగారుపడకు, ఈసారి రాకపోయినా ఫర్వాలేదు. ఆవిడ ఒంటి చేత్తో దుప్పటి మడత పెట్టడానికి తంటాలు పడుతూ ఉంటుంది. రెండో కొస నువ్వు పట్టుకో.

నీ అత్త