నాది కాని పాయింటు

విజయనగరం,
గురువారం.

నీలవేణి వదినకి, మీ మరిది జగన్నాధం నమస్కారాలు.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీ అబ్బాయి ఎర్రన్న ఎండుచేపల వ్యాపారం బాగున్నందుకు సంతోషం. ఫోనులో నా మాట మీకు వినబడదు. ఎర్రన్న మధ్యలో ఉండి చెబితే సగం వాడి మాటే అవుతుంది. మనకి ఉత్తరాలే నయం.

శని, ఆదివారాలు నేను శ్రీకాకుళం వస్తున్నట్టు మీకెలాగో తెలిసింది. అంతవరకూ వచ్చి కళింగపట్నం రాకపోవడమేమిటని అడిగారు. "పాతిక కిలోమీటర్లు నీకో దూరమేటి, భూములు కొలిసే ఆఫీసరువి గదా" అని రాశారు. నిజమే. సర్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా దూరాలే నా ఉద్యోగం. అయినా రాలేను. పోటీ ఉంది.

ఏం పోటీ అంటే చెప్పాలి, నవ్వకండి. కత్తి పోటీ. ఫెన్సింగ్ అంటారు. తెల్లబట్టలు, మొహానికి ఇనుప జల్లెడలాంటి ముసుగు, చేతిలో సన్నటి కత్తి. దాని మొన మొద్దుగా ఉంటుంది, చివర చిన్న బటన్. ఎవరికీ గాయాలు కావు. యాభై ఆరేళ్ళవాడికి ఇదేం సరదా అనుకుంటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మీ చెల్లెలు అనూరాధ పన్నెండోరోజు భోజనాలు మా వీధి చివరి కల్యాణమండపంలో పెట్టాం కదా. తరువాతి వారం అక్కడ మరిచిపోయిన గంగాళం తెచ్చుకోవడానికి వెళ్ళాను. పొద్దున్న ఆరున్నర. భోజనాల హాలులో బల్లలు గోడకి జరిపి, ముసుగులు వేసుకున్న ఆరేడుగురు ముందుకీ వెనక్కీ జరుగుతూ కత్తులు తగిలించుకుంటున్నారు. గంగాళం పట్టుకుని అరగంట నిలబడిపోయాను. వాళ్ళకి నేర్పుతున్నది గోపి అనే డ్రిల్లు మాస్టారు. "నిలబడి సూడ్డమెందుకు సార్, ఆ గిన్నె కిందెట్టి రండి" అన్నాడు. పెట్టాను. ముసుగు వేసుకుంటే మొహం ఎవరికీ కనబడదని అప్పుడు తెలిసింది. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ తరువాత మానలేదు.

మా క్లబ్బు పంచాంగం ప్రకారం నడుస్తుంది. ముహూర్తాలున్న రోజుల్లో హాలు పెళ్ళివాళ్ళది. మూఢం వస్తే ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, మేము రోజూ కత్తి పడతాం. "ఈ ఏడు మూఢం ఇంకో నెలుంటే బాగుణ్ణు" అని గోపి ఒకసారి హాలు యజమాని ముందే అనేశాడు. ఆయన వారం రోజులు మాతో మాట్లాడలేదు.

జట్టుకి ముగ్గురు. గంగులు ఆటో నడుపుతాడు, ఎడమచేతివాటం మనిషి. రాజకుమారి బ్యాంకులో పనిచేస్తుంది, ఇద్దరు ఆడపిల్లల తల్లి. మూడోవాణ్ణి నేను. దెబ్బ తగిలితే దీపం వెలిగే మిషను మాకొకటుంది. నెలలో ఇరవై రోజులు అది పనిచేయదు. అందుకని గోపి ఒక పద్ధతి పెట్టాడు. తగిలించుకున్నవాడే చెయ్యెత్తి "తగిలింది" అనాలి. కొట్టినవాడు అడగకూడదు. కొత్తలో కష్టంగా ఉండేది. ఇప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది.

వదినా, పధ్నాలుగు నెలలుగా వస్తాను వస్తాను అంటూ మీ గడప తొక్కలేదు. దానికి ఈ పోటీ కారణం కాదు. మీకు చెప్పవలసింది ఒకటుంది. అది చెప్పకుండా మీ ఇంట్లో కూర్చుని మీరు వడ్డించింది తినలేను. చెప్పాక మీరు వడ్డిస్తారో లేదో తెలియదు. మాకు పిల్లలు లేరు. అనూరాధ గురించి నాతో మాట్లాడేది ఇప్పుడు మీరొక్కరే. అది కూడా పోతుందేమోనని భయం. ఇవాళ్టికి ఇంతకన్నా రాయలేను.

మీ మరిది,
జగన్నాధం


విజయనగరం,
సోమవారం.

వదినా,

నిన్న సాయంత్రం తిరిగొచ్చాం. జట్టు పోటీలో ఆరు జట్లకి నాలుగో స్థానం. ముందు ఆ రెండు రోజుల సంగతి రాస్తాను. రెండోది కూడా ఇందులోనే రాయాలి. రాయకుండా కవరు అంటించనని నిర్ణయించుకుని కూర్చున్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. గంగులు ప్రయాణికుడిగా కూర్చోలేడు. చిలకపాలెం దాకా డ్రైవరుకి వెనకనుంచి సలహాలు చెబుతూనే ఉన్నాడు. ఆ డ్రైవరు చివరికి బస్సు ఆపి, కత్తుల సంచీతో సహా దిగిపొమ్మన్నాడు. రాజకుమారి ఆయనకి రెండు సున్నుండలిచ్చి శాంతపరిచింది. అక్కడ హాలు బాగుంది. పోటీకి వచ్చినవాళ్ళందరూ మాలాంటివాళ్ళే. మందుల షాపువాళ్ళు, పంతుళ్ళు, పాలిటెక్నిక్ పిల్లలు. ఒక్కరికీ ఇది వృత్తి కాదు.

శనివారం ఎవరికివారు విడిగా ఆడే ఆటలు. అందులో నేను చేసిన పని మా క్లబ్బువాడు తప్ప ఇంకెవడూ చేయడు. ఎదుటి కుర్రవాడి కత్తి నా మోచేతికి అలా రాసుకుంటూ పోయింది. బటన్ నొక్కుకోలేదు, దీపం వెలగలేదు. దీపం లేకపోతే పాయింటు లేదు, ఆట సాగుతుంది. నేను మాత్రం కత్తి దించి, చెయ్యెత్తి, "తగిలింది" అన్నాను. ఆ కుర్రవాడు ఒక క్షణం నావైపు వింతగా చూసి, తీరిగ్గా నా ఛాతీ మీద పొడిచాడు. ఈసారి దీపం వెలిగింది. హాలంతా నవ్వింది. నేనూ ముసుగులో నవ్వాను. అలా నవ్వి చాలా కాలమైంది. గంగులు కూడా తన ఆటలో రెండుసార్లు అదే పని చేశాడు. రాత్రి లాడ్జిలో గోపి తల పట్టుకున్నాడు. "నాను నేర్పినదే మీ కొంప ముంచుతున్నాది" అన్నాడు.

ఆదివారం మూడో స్థానం కోసం అనకాపల్లి జట్టుతో ఆడాం. పదిహేను పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్ళది గెలుపు. ముగ్గురం వంతులవారీగా ఆడాలి, ఆఖరి వంతు నాది. పధ్నాలుగు, పధ్నాలుగు అయింది. మా కత్తికి ఒళ్ళంతా లెక్కే, కాలి బొటనవేలు కూడా. అతను ముందుకాలు కాస్త ఎక్కువ చాపుతున్నాడని గమనించాను. వంగి ఆ కాలి మీదకి వేశాను. నా దీపం వెలిగింది. రిఫరీ మావైపు చెయ్యెత్తాడు. రాజకుమారి కేక నాకు ముసుగులోంచి కూడా వినబడింది.

బూటు మెత్తగా ఉంటుంది వదినా. నా కత్తికి తగిలింది గట్టిగా ఉంది. అది నేల. పెద్ద పోటీల్లో కింద లోహపు పట్టీ పరుస్తారు, దానికి మొన తగిలినా దీపం వెలగదు. ఇక్కడ చెక్కనేల, ఎక్కడ తగిలినా వెలుగుతుంది. రిఫరీ చూడలేదు. కాలు అతనిదే అయినా అతనికీ తెలియలేదు, ముసుగు తీయబోతున్నాడు. నేను చెయ్యెత్తి "నేల" అన్నాను. రిఫరీ పాయింటు తీసేశాడు. మళ్ళీ నిలబడ్డాం. రెండు నిమిషాలకి అతను నా మణికట్టు మీద శుభ్రంగా కొట్టాడు. అంతే.

బయటికొచ్చాక టీకొట్టు దగ్గర గంగులు అన్నాడు. "ఒక్క సెకను నోరు మూసుకోడానికి నీకేటి రోగం బావా? పతకం మెళ్ళో పడీది." రాజకుమారి అంది: "పతకం తీసుకెల్తే మా సిన్నది ఎలా గెలిసారో సెప్పమంటాది. అప్పుడు నేల సంగతి దానికి నాను సెప్పాల." గంగులు తన గ్లాసు ఖాళీ చేసి, నా టీ కూడా తనే తాగేశాడు. దాంతో లెక్క సరి అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మనసు తేలిగ్గా ఉంది. నాకే ఆశ్చర్యం వేసింది. ఎవరూ చూడని ఒక పాయింటు గురించి ఇంతమందిలో చెప్పగలిగాను. మీ దగ్గర పధ్నాలుగు నెలలుగా చెప్పలేకపోతున్నాను.

చెబుతున్నాను. అనూరాధ శుక్రవారం పోయింది. ఆ రోజు పొద్దున్న ఎర్రన్నకి ఫోను చేశాను. మీరు బయలుదేరి మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. అప్పటికి తను పోయి రెండు గంటలైంది. నాకు తెలిసిన వెంటనే మీకు చెప్పానని, అంతా ఆ పొద్దున్నే ముంచుకొచ్చిందని మీరు నమ్మారు. నేను నమ్మనిచ్చాను. నిజం అది కాదు. ఇంక వారం మించదని ఆసుపత్రిలో డాక్టరు సోమవారమే చెప్పాడు. ఆ సాయంత్రమే అనూరాధ "అక్కని పిలవండి" అంది. రేపు అన్నాను. మంగళవారం మళ్ళీ అడిగింది. పనుల్లో ఉంటారు, కంగారుపడతారు, ఇంకో రోజు చూద్దాం అన్నాను. ఆ తరువాత తను అడగలేదు. మీ పనుల గురించి కాదు వదినా. మిమ్మల్ని పిలిస్తే డాక్టరు మాట నిజమని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకు ధైర్యం చాలలేదు. అక్కచెల్లెళ్ళని ఆఖరిసారి కలవనివ్వనిది నేను. మీరు నా చెయ్యి పట్టుకుని, "నువ్వేటి సేస్తావు మరిదీ, సమయమియ్యనేదు దేవుడు" అన్నారు. సమయం ఇచ్చాడు. నాలుగు రోజులు ఇచ్చాడు.

క్షమించమని అడగను. తెలియాలి కాబట్టి రాశాను. మీరు జవాబు రాయకపోతే అర్థం చేసుకుంటాను.

జగన్నాధం


విజయనగరం,
బుధవారం.

నా వదినకి,

మీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. చదివాక మొదట కోపం వచ్చింది. మీ మీద, అనూరాధ మీద, వ్యాను నడిపిన ఎర్రన్న మీద కూడా. రెండు రోజులు ఉత్తరం మళ్ళీ తెరవలేదు. మూడోరోజు తెరిచాను. అప్పటినుంచి రోజూ చదువుతున్నాను. మీరు మాట్లాడినట్టే రాస్తారు. చదువుతుంటే మీరు గదిలో ఉన్నట్టే ఉంటుంది.

"బుధవారం నాను వచ్చినాను మరిదీ" అని మొదలుపెట్టారు. ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

మంగళవారం నేను రెండోసారి వాయిదా వేశాక అనూరాధ వార్డు ఆయా గురమ్మ చేత ఎర్రన్నకి ఫోను చేయించిందని, బుధవారం చేపల వ్యానులోనే వాడు మిమ్మల్ని తీసుకొచ్చాడని రాశారు. ఆ పూట నేను స్నానానికి ఇంటికెళ్ళి, సెలవు కాగితం ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళాను. పది నుంచి పన్నెండు దాకా. ఆ రెండు గంటలూ మీరు తన దగ్గర ఉన్నారు. మీరు తెచ్చిన చారు తనకి నాలుగు చెంచాలు పట్టారు. తల దువ్వి, చిన్నప్పుడు వేసినట్టు రెండు జడలు వేశారు.

ఆ జడలు నేను చూశాను వదినా. తిరిగొచ్చి, ఎవరు వేశారని అడిగాను. గురమ్మ వేసింది అంది. "చిన్నపిల్లలా ఉన్నానా" అని అడిగింది. ఉన్నావన్నాను. గదిలో ఎండుచేపల వాసన వస్తోందని విసుక్కుంటూ కిటికీలన్నీ తెరిచాను. అనూరాధ నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో తెలియక దాన్ని ఇన్నాళ్ళూ తలుచుకోవడానికి కూడా జంకాను. మందుల వల్లనేమో అనుకున్నాను. నన్ను చూసి నవ్విందన్నమాట.

మీరు వెళ్ళేముందు తను మీతో అన్న మాటలు మీరు రాసినవి రాసినట్టే నాకు నోటికి వచ్చేశాయి. "ఆయనికి భయం అక్కా. నిన్ను పిలిస్తే నాను ఎల్లిపోతానని ఆయన లెక్క. ఆయనంతట ఆయనే పిలుస్తాడు. పిలిసిన నాడు మొదటిసారి వచ్చినట్టు రా. తరవాతైనా ఆయన నోటంట వచ్చేదాకా నువ్వు సెప్పకు." మీ చేత ఒట్టు వేయించుకుంది. మీరు నిలబెట్టుకున్నారు. శుక్రవారం మీరు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, దారి తెలియనట్టు గురమ్మని గది ఎక్కడని అడగడం నాకు గుర్తుంది. అంతా తెలిసి అడిగారు.

"పధ్నాలుగు నెలలు నా నోరు కుట్టీసినావు. ఎప్పుడు సెప్తావా అని ఉత్తరం మీద ఉత్తరం రాసి పిలస్తన్నాను. నువ్వు రావు, సెప్పవు. ఒట్టు తీసి గట్టునెట్టీదామా అని ఎన్నిసార్లనుకున్నానో" అని రాశారు. నా తప్పు పోయిందని నేననుకోవడం లేదు. అడిగినప్పుడు పిలవలేదు, అది మారదు. కానీ మీరిద్దరూ కలుసుకున్నారు. నా తప్పుకి అడ్డంగా తను ముందే చెయ్యి పెట్టింది. నాకు కోపం రాకుండా, సిగ్గు రాకుండా, అంత జబ్బు ఒంటితో మంచం మీద పడుకుని అన్నీ అమర్చింది. ఇంట్లోనూ అంతే చేసేది. నేను గమనించేవాణ్ణి కాదు.

నిన్న ప్రాక్టీసు అయ్యాక ఈ సంగతి మావాళ్ళకి చెప్పాను. ముసుగు తీసే చెప్పాను. రాజకుమారి కళ్ళు తుడుచుకుంది. గోపి నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. గంగులు మాత్రం ఎండుచేపల వాసన తెలిసి కూడా మీరు గుర్తుకురాలేదంటే నా ముక్కు కోసి మండపం గుమ్మానికి కట్టాలన్నాడు. ఆదివారం మీ ఇంటికి నాతో వాళ్ళు ముగ్గురూ కూడా వస్తామంటున్నారు. కత్తులు తేవొద్దన్నాను. అనూరాధ అక్క అంటే ఎలా ఉంటారో చూడాలట.

వాళ్ళని మధ్యాహ్నం సముద్రం చూసి రమ్మని పంపేస్తాను. మీరు నా పక్కన కూర్చోండి. మీకు వినబడేటట్టు నేను గట్టిగా అడుగుతాను. ఆ రెండు గంటల్లో మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మొదటినుంచి చెప్పాలి. దేనికి నవ్వారో, ఎవరిని తిట్టుకున్నారో, అన్నీ. ఏదీ వదలకండి. నాకు తొందరేమీ లేదు.

ఆదివారం వస్తున్నాను.

మీ మరిది,
జగన్నాధం