ఏడెన్ పోయే రుమాలు

నాయినకు వెంకటనర్సు దండాలు. సర్కారువారి ఘనకార్యాన్ని ఇంత చిన్న కార్డులో కుక్కుతున్నందుకు పెద్ద మనసుతో క్షమించు.

మన సరుకును పైదేశాలకు పంపించే మా దఫ్తరులో సాహెబు, నూనెలో నానేసిన నూలుతో నువ్వు నేసిన తేలియా రుమాలును మూచూసి, "గిదేం నూనె కంపు? చాకలికెయ్యి!" అన్నాడు.

"సాహెబ్, గా వాసన చూసే అరబ్బులు కొంటరు" అన్నా వినలేదు.

నాలుగు రోజులకు అరబ్బుల రేవు ఏడెన్ నుంచి వర్తకుడొచ్చాడు. రుమాలును ముక్కుకు ఆనించి, "ఇదే అసలు సరుకు" అని ఇరవై డజన్లు అడిగాడు.

సాహెబు నా వైపు తిరిగి, "ఉతికినంక ఎంత మంచిగ వాసనొస్తాందో చూసినవా!" అన్నాడు.

ఆగిన మన వాడ మగ్గాలన్నీ మళ్ళీ నడిపించండి. నూనె తగ్గించొద్దు. అమ్మ దగ్గు తగ్గిందా? చెల్లె లీలమ్మకు ఆశీస్సులు.

ఎగుమతుల వృద్ధికి నేను చేసింది ఒక్కటే. చాకలికి నీ రుమాలు వేయలేదు, సాహెబు తువ్వాలు వేశాను.