గుమ్మడితీగకు మగపువ్వు

చిట్టి మేనకోడలికి మేనత్త దీవెనలు.

కాలేజీలో మొక్కల పాఠాలు చెప్తావు కదా, నా గుమ్మడితీగ సంగతి తేల్చు. మీ మామయ్య పోయేముందు దాచిన ఆఖరి గింజ ఇది. మేడంతా పాకింది, పూలు విరగబూస్తున్నాయి, ఒక్క పిందె కూడా నిలవడం లేదు. ఆయన గింజ నాతోనే ఆగిపోతుందేమోనని బెంగగా ఉందే.

కుట్టుమిషను తప్ప తోడులేని,
మీ అత్తయ్య

తా.క.: ఎరువు వేశాను. తిట్టాను కూడా.

*

అత్తయ్యకు నమస్కారాలు.

బెంగపడకండి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరితేనే పిందె నిలుస్తుంది. కొన్ని మొక్కలకు ఆ పని గాలి చేస్తుంది, కొన్నిటికి తేనెటీగలు. మీ మేడమీదికి అవేవీ రావడంలేదేమో!

మీ మేనకోడలు

*

బంగారుతల్లికి,

గాలికోసం టేబుల్ ఫ్యాన్ పెట్టాను, పూలు రాలాయి. తేనెటీగలకోసం పూలకు తేనె రాశాను. చీమలొచ్చాయి, చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చాయి.

అలిసిపోయిన అత్తయ్య

తా.క.: వీటిలో మగ ఏదో ఎలా తెలుస్తుంది? దేనికీ మీసాల్లేవు.

*

అత్తయ్యా,

ముందు ఫ్యాన్ ఆపండి! గుమ్మడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే ఆడది, ఉత్త కాడే ఉంటే మగది. పొద్దున్నే మగపువ్వు కోసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. మీ తీగకు లేకపోతే పక్కింట్లో అడగండి.

మీ మేనకోడలు

*

అమ్మడూ,

పక్కింటి గడియారాల మెకానిక్ తలుపు కొట్టాను. ఒంటరి మనిషి, పెరట్లో గుమ్మడితీగ ఉంది. "మా ఇంట్లో అన్నీ ఆడవేనండీ, పొద్దున్నే ఒక మగ కావాలి" అన్నాను. ఆయన చేతిలో టీ కప్పు జారింది. "ఈ వయసులో... కాస్త ఆలోచించుకోనివ్వండి" అని గడియ పెట్టుకున్నాడు. ఒక్క పువ్వుకు ఇంత ఆలోచనేంటే?

మీ అత్తయ్య

తా.క.: సాయంత్రం చూస్తే జుట్టుకు రంగేసుకున్నాడు.

*

అయ్యో అత్తయ్యా!

పరుగున వెళ్లి "పువ్వు" అన్న మాట చెప్పిరండి!

మీ మేనకోడలు

*

నా తల్లికి,

చెప్పాను. పాపం, కాసేపు చిన్నబోయాడు. ఆ మర్నాటినుంచి రోజూ తనే మగపువ్వు పట్టుకుని మా మేడెక్కుతున్నాడు. ఆయన అద్దుతుంటే నేను ఆకులు పక్కకు పట్టుకుంటాను. తర్వాత ఇద్దరం టీ తాగుతాం.

ఇవాళ ఒక ఆకు ఎత్తి చూపించాడు. పిడికెడంత కాయ! "మొదటిరోజు అద్దిందే నిలిచిందండీ. చెబితే ఇక రావద్దంటారని..." అని నసిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇన్నాళ్లూ దాస్తారా?" అని కోప్పడ్డాను.

గింజలు నీకూ పంపుతాను.

మీ అత్తయ్య

తా.క.: ఎవరికీ చెప్పకు. ఆ కాయమీద ఆకు కప్పింది నేనేనే.