కొర్రమీను కాపలా

మే 25, ఆదివారం

మడుగులో నీళ్లు బాగా దిగిపోయాయి. కాలవలు కట్టేసి నెల దాటింది. మోపిదేవి దాటి మట్టిరోడ్డు మీద కొంత దూరం పోతే వచ్చే ఈ మడుగు ఒకప్పుడు కృష్ణ పాయ అట. ఇప్పుడు ఎటూ పోని నీళ్లు. ఎండాకాలంలో చేపలన్నీ నడిమి గుంటలోకి చేరతాయి. తెల్లారగానే, గుర్రపుడెక్క నీడలో సాఫ్ట్ ఫ్రాగ్, అదే రబ్బరు కప్ప ఎర, వేసి మెల్లగా లాగితే కొర్రమీను కొడుతుంది. ఎండ ఎక్కాక ఏ లూర్ వేసినా దండగ. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు కొన్ని వేసవులు పట్టింది.

సుధన్వ ఇవాళ కూడా పాపర్ తగిలించాడు. ఈ వేడి నీళ్లలో అంత చప్పుడు చేస్తే బెదిరిపోతాయి అన్నాను. తెలుసు అన్నాడు. మళ్లీ అదే వేశాడు. పెళ్లయినప్పటి నుంచి నా మొగుడి జవాబు అదే. తెలుసు.

రెండు పడ్డాయి నాకు. వదిలేశాను. మేము తినం. తినరు, అమ్మరు, మరి పట్టడం ఎందుకమ్మా అని మా నాన్న వెంకటరమణగారు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. లైన్ బిగుసుకునే ఆ క్షణం గురించి నేను ఆయనకి చెప్పలేను.

వస్తూ బందరులో విక్రమ్ గారి షాపులో ఆగాం. లూర్లు, రాడ్లు, రీల్స్, ఏసీ. మా లూర్ క్లబ్‌కి ప్రెసిడెంట్ ఆయనే. క్లబ్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. జనవరి మీటింగ్‌లో నేను పెట్టిన రూల్ గోడకి ఇంకా అంటించి ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా కొర్రమీనుని ముట్టుకోకూడదు, అది పిల్లలతో ఉండే కాలం. ఆ రోజు అందరూ చేతులెత్తారు. విక్రమ్ గారు రెండు చేతులూ ఎత్తారు.

జూన్ 22, ఆదివారం

కాలవలకి నీళ్లు వదిలారు. తూము దగ్గర కొత్తనీళ్లు సుడి తిరుగుతున్నాయి. ఈ పదిహేను రోజులూ ఫ్రాగ్ పక్కన పెట్టేయాలి. చిన్నచేపలన్నీ పారే నీళ్లకి ఎదురెక్కుతాయి, వాటి వెనక వాలుగ వస్తుంది. వెండి రంగు స్పూన్ లూర్ వేసి ప్రవాహానికి అడ్డంగా లాగాను. మూడో విసురుకే రాడ్ వంగింది. చెయ్యంత పొడుగు వాలుగ. సుధన్వ ఫోటో తీయడానికి లేడు. గట్టు చివర ఫోన్లో మాట్లాడుతున్నాడు.

ఎవరు అని అడిగితే క్లబ్ పని అన్నాడు.

జూలై 6, ఆదివారం

వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వచ్చింది. మాన్‌సూన్ మర్రెల్ కప్, అంటే వానాకాలం కొర్రమీను పోటీ. ఆగస్టు 3. వేదిక, మా మడుగు. కింద కన్వీనర్ అని సుధన్వ ఫోటో. నీలం చొక్కాలో. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేను.

పక్కగదిలో ఉన్నాడు ఆ మనిషి. గోడకి అటు. నేను పోస్టర్‌లో తెలుసుకున్నాను.

అడిగాను. స్పాన్సర్ వాళ్లకి ఈ సీజనే కావాలట. వానాకాలంలో పిల్లల గుంపు మీదికి ఏది వేసినా తల్లో తండ్రో వచ్చి కొట్టి తీరుతుంది, కెమెరా ముందు ఖాళీ చేతులతో నిలబడే పని ఉండదని విక్రమ్ గారు వాళ్లకి మాటిచ్చారట. రూల్ సంగతేంటి అన్నాను. ఒక్క రోజే కదా అన్నాడు. అన్నీ రిలీజ్ చేసేస్తాం కదా అన్నాడు. నీకు చెబితే ఒప్పుకోవని తెలుసు అన్నాడు.

మళ్లీ ఆ మాట. తెలుసు.

జూలై 7, సోమవారం

ఉప్మాలో ఉప్పు వేయలేదు. కావాలనే.

జూలై 13, ఆదివారం

స్కూటీ మీద ఒక్కదాన్నే వెళ్లాను. రాడ్ పట్టుకెళ్లలేదు.

తూముకి ఎడమ పక్క, గట్టుకి దగ్గరగా కనబడింది. నీళ్ల మీద చాట వెడల్పున ఎర్రటి మరక. ముందు తుప్పునీళ్లేమో అనుకున్నాను. మరక కదిలింది. గోరంత కూడా లేని పిల్లలు, వందలు వందలు, ఊపిరి కోసం పైకొచ్చి బుడగలు వదిలి మళ్లీ లోపలికి. వాటి కింద ఒక నల్లటి వీపు. పెద్దది. నేను ఒక అడుగు వేస్తే అది నా వైపు తిరిగింది. పారిపోలేదు. నా కాలంత పొడుగు లేదు, అయినా నన్ను బెదిరించడానికి ముందుకొచ్చింది.

ఇంకో గుంపు ఆ చివర తామరల్లో ఉంది.

పిల్లల ఎరుపు పోయి, ఒళ్లంతా మట్టిరంగు తిరిగేదాకా కాపలా కాసే ఆ తండ్రి చేప సరిగా తిండి కూడా తినదు. నెలన్నర పడుతుంది. ఆ తర్వాత పిల్లలు ఎవరి దారిన అవి పోతాయి, కాపలా అయిపోతుంది. ఈలోగా అది ఫ్రాగ్‌ని కొట్టేది ఆకలితో కాదు. పిల్లల మీద పడ్డదాన్ని తరమడానికి. అది స్కిల్ కాదు. బడి గేటు దగ్గర పిల్లాడిని గిల్లి, పరిగెత్తుకొచ్చిన తండ్రిని కొట్టడం.

గట్టు మీద కూర్చున్నాను. లకుముకి పిట్ట ఒకటి మరక మీదికి దిగబోయింది. నీళ్లు ఎగిసిపడ్డాయి. పిట్ట ఖాళీ ముక్కుతో లేచిపోయింది.

జూలై 19, శనివారం

విక్రమ్ గారి షాపు మేడ మీద మీటింగ్. నేను నిలబడి చెప్పాను. కప్ వద్దనడం లేదు, డిసెంబరులో పెట్టండి అన్నాను. చలికాలం చేప మందంగా ఉంటుంది, పది దాటి ఎండ తగిలాక సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్‌ని అడుగున ఈడ్చి ఈడ్చి తెప్పించాలి, అప్పుడు తెలుస్తుంది ఎవరి పనితనం ఎంతో అన్నాను.

విక్రమ్ గారు చాలా మర్యాదగా విన్నారు. ఆ మర్యాదే నాకు ఒళ్లు మండించింది.

"మేడమ్, ఫోటో తీసి వదిలేస్తాం కదండీ. దానికేమవుద్ది?"

"దానికేం కాదండీ. అది తిరిగెళ్లేలోపు పిల్లల్ని మట్టగిడసలు మింగేస్తాయి."

వెనక నుంచి బాబ్జీ అందుకున్నాడు. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ల అబ్బాయి, చేతిలో ఎప్పుడూ కొత్త రాడ్. మేడమ్ గారు కొర్రమీనుకి డెలివరీ లీవు ఇమ్మంటున్నారు అన్నాడు. మేడ మీదంతా నవ్వులు.

సుధన్వ వైపు చూశాను. తల దించుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. వాడూ నవ్వుతున్నాడు.

జూలై 20, ఆదివారం

సుధన్వ అన్నాడు, ఆ మడుగు నీ సొంతమన్నట్టు మాట్లాడతావు అని. అందరి ముందూ నన్ను చిన్నబుచ్చావు అని. నేను చిన్నబుచ్చానట.

కొంచెం నిజం ఉంది. నా సొంతమనే అనుకుంటాను. ఆ మాట వాడికి చెప్పను.

ఆగస్టు 2, శనివారం

కాలేజీలో నా క్లాసులయ్యాక ఇంటి బస్సు పట్టుకోకుండా ఇటే వచ్చాను. మడుగు ఒడ్డున దోనె నడిపే తోమాసు గారి ఇల్లు. రేపటికి దోనె కావాలని అడిగాను. పోటీకా అన్నారు. కాదన్నాను. ఆయన నా మొహం చూసి ఇంకేం అడగలేదు. గెడ వేయడం వచ్చా అన్నారు. వచ్చు.

ఆగస్టు 3, ఆదివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతున్నాయి. పోనీ.

వాళ్లకంటే ముందే వెళ్లాను. రెండు గుంపులు, నేను ఒక్కదాన్ని, దోనె ఒకటి. తూము దగ్గరి గుంపుని ఎంచుకున్నాను. అక్కడ గట్టు చదును, అందరూ ముందు అక్కడికే వస్తారు. పిల్లలకీ గట్టుకీ మధ్య దోనె నిలిపి, గొడుగు వేసుకుని కూర్చున్నాను. పిల్లలు ఇప్పుడు అంగుళం ఉంటాయి. ఎరుపు అలాగే ఉంది. తండ్రి చేప దోనెని రెండుసార్లు గుద్దింది. తర్వాత నన్ను పట్టించుకోవడం మానేసింది. గుంపు కదిలితే నేనూ కదిలాను.

కార్లొచ్చాయి. షామియానా, మైకు, డ్రోన్. ముందు విక్రమ్ గారు గట్టు మీదికొచ్చి దణ్ణం పెట్టి, మేడమ్, కాస్త పక్కకి రండి అన్నారు. రాను అన్నాను. తర్వాత మైకులో అన్నారు, దోనెలో ఉన్న మేడమ్ గారు దయచేసి సహకరించాలి అని. ఇంకా దయచేసి, ఇంకా సహకరించాలి. వాన మొదలైంది. కొందరు తిట్టారు. కొందరు వీడియో తీశారు. రెండు వైపులా తీసుకోండి అన్నాను, నా మొహం బాగానే ఉంటుంది.

సుధన్వని పంపారు. కన్వీనర్ బ్యాడ్జీ పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"అపర్ణా, ఇటు రా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"నా పరువు పోతోంది."

"నువ్వు ఇటు రా. వచ్చి కిందికి చూడు. ఒక్కసారి చూసి అప్పుడు రమ్మను, వస్తాను."

రాలేదు. బూట్లు తడుస్తాయనుకున్నాడో ఏమో.

అప్పుడే బాబ్జీ నా దోనె మీదుగా లైన్ విసిరాడు. ఫ్రాగ్ అవతల పడింది. గుంపు చెదిరింది, నల్లటి నోరు ఒకటి తెరుచుకుంటోంది, నేను లైన్ పట్టుకుని లాగేశాను. వాడూ అటు నుంచి లాగాడు. ఫ్రాగ్‌కున్న రెండు హుక్కులూ నా కుడి ముంజేతిలో దిగాయి. అరిచానేమో, గుర్తులేదు. లైన్‌ని దోనె అంచుకి వేసి రుద్ది రుద్ది తెంపాను. చేతికి రబ్బరు కప్ప వేలాడుతూనే ఉంది.  దిగి రా, డాక్టర్ దగ్గరికి పోదాం అని సుధన్వ అరుస్తున్నాడు. నేను గెడ ఎడమ చేతికి మార్చుకున్నాను. మిమ్మల్ని అందర్నీ చూస్తాను అని మాత్రం అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

బాబ్జీ భయపడి ఆ చివరికి పోయాడు. తామరల వైపు.

కాసేపటికి అక్కడ ఈలలు, కేకలు. వాడి రాడ్ విల్లులా వంగి ఉంది. పైకి లేపిన చేప ఇంత దూరానికి కూడా మెరిసింది. నేను చూసింది చేపని కాదు. తామరాకుల మధ్య నీళ్లు ఉడుకుతున్నట్టు అయ్యాయి. మట్టగిడసలు, జెల్లలు, పైన రెండు నీటికాకులు. అంత దూరం నేను గెడ వేసుకుంటూ వెళ్లేసరికి అయిపోతుంది. ఇటు వదిలితే ఇదీ పోతుంది. కూర్చున్న చోటే కూర్చుని ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదు.

చేపని వెంటనే వదల్లేదు. బహుమతి ఫోటో కోసం నీలం డ్రమ్ములో ఉంచారు. డ్రమ్ము దగ్గర డ్యూటీ సుధన్వది. ఫోటోలయ్యాక వాడే దాన్ని రెండు చేతులా ఎత్తుకుని తామరల దగ్గరికి మోసుకెళ్లాడు. బూట్లతోనే నీళ్లలో దిగాడు. వదిలాడు. ఆ చేప ఆకుల చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. సుధన్వ మోకాళ్ల లోతులో నిలబడి దాన్నే చూస్తున్నాడు. మైకులో వాడి పేరు పిలిచారు. కదల్లేదు.

అందరూ వెళ్లాకే దోనె దిగాను. స్కూటీ తోమాసు గారింట్లో పెట్టి సుధన్వ కారెక్కాను. చల్లపల్లిలో హుక్కులు తీయించుకున్నాం. అక్కడి నుంచి బందరు దాకా వాడు ఒక్క మాటే అన్నాడు.

"ఒక్క పిల్ల కూడా లేదు."

 క్షమించబుద్ధి కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

ఆగస్టు 6, బుధవారం

క్రమశిక్షణ చర్య. క్లబ్ నుంచి తీసేశారు. గ్రూపులో నుంచి నన్ను తొలగించింది విక్రమ్ గారు. వచ్చే ఏడు కూడా ఇదే సీజన్లో కప్ అని అంతకు ముందే ప్రకటించారు.

డ్రోన్ వీడియో ఊరంతా తిరుగుతోంది. థర్డ్ ఇయర్ పిల్లలు నన్ను చూసి గొడుగు తెరిచారు. క్లాసులో సర్‌ప్రైజ్ టెస్ట్ పెట్టాను.

బాబ్జీ మెసేజ్. సారీ అక్కా, చెయ్యి ఎలా ఉంది అని. చెయ్యి బాగానే ఉంది, తామరల్లో పిల్లలు ఎలా ఉన్నాయో చెప్పు అని రాశాను. బ్లూ టిక్ పడింది. అంతే.

ఆగస్టు 10, ఆదివారం

సుధన్వ క్లబ్ మానేశాడట. నేను అడగలేదు. నా కోసం కాదు అన్నాడు. నేనూ అలా అనుకోలేదు అన్నాను.

మడుగుకి వస్తానన్నాడు. వద్దన్నాను.

ఆగస్టు 17, ఆదివారం

ఎరుపు తగ్గుతోంది. వీపుల మీద మట్టిరంగు చారలు. గుంపు వెడల్పయింది, అంచులు చెదురుతున్నాయి. తండ్రి చేప బాగా చిక్కిపోయింది, తల పెద్దదిగా కనిపిస్తోంది. ఎవరో కొత్తవాళ్లు రాడ్లతో వచ్చారు. వీడియో చూసి వచ్చామండీ అన్నారు. ఏ వీడియో అని అడిగి, కట్టు విప్పి ముంజెయ్యి చూపించాను. వెళ్లిపోయారు.

ఆగస్టు 31, ఆదివారం

ఇవాళ సుధన్వని రానిచ్చాను.

తూము దగ్గర ఏమీ లేదు. మరక లేదు, బుడగలు లేవు, నల్లటి వీపు లేదు. ఉత్త నీళ్లు. నేను పెద్దగా నవ్వాను. సుధన్వ పాలిపోయాడు. ఎవరన్నా పట్టుకుపోయారా, అపర్ణా, ఎవరన్నా పట్టుకుపోయారా అని గట్టు పొడుగునా పరిగెత్తి వెతికాడు.

పిల్లలు పెరిగి ఎవరి దారిన అవి పోయాయని ఇల్లు చేరేదాకా చెప్పలేదు.