రోడ్డు కింద నీళ్ల చప్పుడు

నాన్నకి నమస్కారం. నా ఉద్యోగం పోయిందని అన్నయ్య రాసిన మాట నమ్మకండి.

ఈ ఊళ్లో శుద్ధిచేసిన నీళ్లలో మూడో వంతు దారిలోనే కారిపోతున్నాయట. కొత్త చెరువు తవ్వే ముందు ఆ కారడం ఆపాలని నగరపాలక సంస్థ పట్టుబట్టింది. అందుకే మేం ఇనప కడ్డీ రోడ్డుకి ఆనించి, పై కొసకి చెవిపెట్టి, పైపు ఎక్కడ కారుతోందో వింటున్నాం.

మొన్న బేకరీ ముందు చప్పుడు విని తవ్వించాను. నిలువులోతున పైపు పొడిగా కనిపించింది. అది నా రెండో వట్టి గొయ్యి. మూడోదైతే పనిలోంచి తీసేస్తామన్నారు. బేకరీ ఆయన, "నన్ను కొట్టు మూసుకోమంటావా తల్లీ?" అన్నాడు. మేస్త్రీ పూడ్చెయ్యమన్నాడు.

"పూడ్చొద్దు బాబాయ్, చప్పుడు పైపు వెంట వచ్చింది. ఇంకాస్త ఎగువన చూద్దాం," అని నేనే గోతిలోకి దిగి పైపుకి చెవి ఆనించాను. రెండు బారల అవతల తవ్వించాను. నీళ్లు మొహాన చిమ్మాయి. ఇవాళ మేస్త్రీ కడ్డీ తనే మోసుకొచ్చి నా చేతికిచ్చాడు. ఇంకా నలభై వీధులున్నాయి. ఒక్కటీ వదలను.

నా ఊలు టోపీ పంపండి, రెండో చెవి మూసుకోవాలి. అమ్మకి కళ్లజోడు మార్పించారా? పెరటి కొళాయికి వాషరు మాత్రం ఇంకా వేయించలేదు. నాకు ఇక్కడికి వినపడుతోంది.

మీ ఇద్దరికీ దండాలతో,
మీరు తిట్టిన ఆ పాము చెవుల పిల్ల